గ్రామ యువజన మండలి: పంచాయతి ఇవ్వవలసిన ప్రత్యుత్తరము

యువజనులు గ్రామాభ్యుదయమునకు పట్టుగొమ్మలని సభలలో తరచు వినుచుందుము. ఆ మాట నిజమే. కాని సభ ముగిసిన మరునాడు ఆ యువజనులకు పంచాయతి కార్యాలయములో కూర్చుండుటకు చోటెక్కడ, వారు చెప్పిన మాటను వ్రాసికొను పుస్తకమేది, ఆ మాటకు బదులు చెప్పు బాధ్యత ఎవరిది అని విచారించినచో పెక్కు గ్రామములలో సమాధానము దొరకదు. ఈ మూడు ప్రశ్నలకు సమాధానముగా ఏర్పడవలసినదే యువజన మండలి. దానిని స్థాపించుట సులభము; నడుపుట కొంత కష్టము. నడుపు విధానమును గూర్చియే మేము ఈ వ్యాసమున పంచాయతి సభ్యులకు విన్నవింపదలచితిమి.

సంఘము వేరు, మండలి వేరు

మన పల్లెలకు యువజన సంఘములు క్రొత్తవి కావు. వినాయక చవితికి పందిరి వేయుట, సంక్రాంతికి ఆటల పోటీలు జరుపుట, ఊరిలో పెండ్లి జరిగినచో వడ్డనకు నిలుచుట, ఆపద వచ్చినచో పరుగెత్తుకొని వచ్చుట వారికి అలవాటే. వారు పూనుకొన్న పని ఎంత దూరము సాగగలదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెమున 1918లో యువజనుల పూనికతో ఆరంభమైన చిన్న గ్రంథాలయమే సారస్వత నికేతనముగా పెరిగి, నూరేండ్లు దాటియు నిలిచియున్నది.

అయినను సంఘమునకు, మండలికి భేదము కలదు. సంఘము తనకు నచ్చిన పనిని తాను చేసికొనును. మండలి అట్లు కాదు. అది గ్రామమును బాధించు ఒక సమస్యను ఎన్నుకొని, దాని నిజానిజములను లెక్కగట్టి, పంచాయతి ముందుంచి, ప్రత్యుత్తరము కోరును. చేతిలో పని ఉన్నంతకాలము సంఘము నిలుచును. అడిగినదానికి ప్రత్యుత్తరము వచ్చుచున్నంతకాలము మండలి నిలుచును. కావున మండలి ప్రాణము సగము యువజనుల చేతిలోను, సగము మీ చేతిలోను ఉన్నదని ముందుగా గ్రహింపవలెను.

చట్టము తెరిచిన తలుపు, తెరవని తలుపు

రాజ్యాంగమునకు 1988లో జరిగిన 61వ సవరణచే ఓటు హక్కు వయస్సు 21 సంవత్సరములనుండి 18 సంవత్సరములకు తగ్గింపబడినది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ ప్రకారము పంచాయతి ఎన్నికలలో పోటీ చేయుటకు 21 సంవత్సరములు నిండిన చాలును. గ్రామసభ అనగా ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్నవారందరు కూడు సభ.

ఈ మూడింటిని కలిపి చూచినచో ఒక విషయము తేటపడును. 2014 నాటి జాతీయ యువజన విధానము 15 మొదలు 29 సంవత్సరముల వయస్సుగలవారిని యువజనులుగా పేర్కొన్నది. వారిలో 18 నిండనివారికి గ్రామసభలో స్థానము లేదు. 18 నిండి 21 నిండనివారు ఓటు వేయగలరు గాని సభ్యులు కాజాలరు. బడికి రెండు మైళ్లు నడచు బాలిక, చదువు మధ్యలో ఆగి కూలికి పోవు బాలుడు, కుళాయి వద్ద బిందెతో గంటసేపు నిలుచు ఇంటి ఆడపడుచు, ఊరి కష్టము నెరిగినవారు వీరే. వీరి మాటకు చట్టము తలుపు తెరవలేదు, మూయనూ లేదు. పంచాయతి తలచినచో ఒక తీర్మానముతో ఆ తలుపు తెరువవచ్చును.

ఒక్క మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. మండలికి చట్టరీత్యా ఎట్టి అధికారమును లేదు. అది గ్రామసభకు గాని, పంచాయతికి గాని బదులుగా నిలువజాలదు. దానికి గల బలమంతయు అది తెచ్చు లెక్కలోను, మీరిచ్చు ప్రత్యుత్తరములోను ఉన్నది.

ఎవరిని చేర్చుకొనవలెను?

మండలి చిన్నదిగా నుండుట మేలు. ఒక్కొక్క వార్డునుండి ఇద్దరు చొప్పున, ఒక యువకుడు, ఒక యువతి ఉండునట్లు ఎన్నుకొనినచో 8 వార్డుల గ్రామమునకు 16 మంది అగుదురు. ఊరికి దూరముగా నున్న పేటలకు, తండాలకు, గూడెములకు తప్పక స్థానముండవలెను. చదువుకొనువారితోపాటు చదువు మానినవారును ఉండవలెను. ఏలయన బడి మానినవారు ఎందుకు మానిరో బడికి పోవువారు చెప్పజాలరు. పనికై పట్టణమునకు పోయి పండుగలకు వచ్చు యువకుని ఫోనులోనైనను సమావేశమునకు పిలువవచ్చును.

సభ్యత్వకాలము ఒక సంవత్సరము చాలును. అధ్యక్షుడు, కార్యదర్శి పదవులు ఆరు మాసములకొకమారు చేతులు మారుట మంచిది. సర్పంచి కుమారునో, మాజీ సర్పంచి తమ్మునినో అధ్యక్షునిగా కూర్చుండబెట్టినచో మండలి ఆ దినముననే ఒక పక్షమునకు చెందినదిగా పేరు పడును. రెండవ పక్షపు పిల్లలు రారు. ఆ కుటుంబముల పిల్లలు సభ్యులుగా నుండుటకు అభ్యంతరము లేదు. పదవికి మాత్రము ఇతరులను ముందుకు రానిచ్చుట మర్యాద.

సమావేశపు చోటును గూర్చియు ఆలోచింపవలెను. ఊరిలో కొన్ని అరుగులపై కొందరు కూర్చుందురు, కొందరు నిలుచుందురు. అట్టి చోట మండలి కూడరాదు. బడి వరండాలోనో, పంచాయతి కార్యాలయములోనో అందరు ఒకే చాపపై కూర్చుండవలెను. సమావేశము దీపములు పెట్టువేళకు ముందే ముగియవలెను. మహిళా వార్డు సభ్యురాలో, మహిళా సంఘపు నాయకురాలో, అంగన్వాడీ కార్యకర్తయో అచట ఉన్నచో తల్లిదండ్రులు ఆడపిల్లలను నిస్సంకోచముగా పంపుదురు. ఆడపిల్లలు పేరునకు మాత్రమే పుస్తకములో నుండి, మాటలాడు పని మగపిల్లలకే మిగులుట పెక్కుచోట్ల జరుగును. ప్రతి సమావేశమున మొదటి మాట యువతులచే చెప్పించుట దీనికి సులభమైన విరుగుడు.

ఒకమారు ఒక్క సమస్య

క్రొత్త మండలి మొదటి సమావేశమున నలువది సమస్యలను వ్రాయును. రోడ్డు, వంతెన, బస్సు, ఆసుపత్రి, ఉద్యోగములు అన్నియు అందులో నుండును. వానిని యథాతథముగా పంచాయతికి సమర్పించినచో ఏ ఒక్కటియు జరుగదు. రెండవ సమావేశమునకు సగము మంది రారు. కావున మూడు మాసములకు ఒక్క సమస్యనే ఎన్నుకొనుమని వారికి చెప్పవలెను. ఎన్నుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ సమస్యను మనమే మన కన్నులతో చూచి లెక్కింపగలమా? దీనిలో కొంత భాగమైనను పంచాయతి చేతిలో ఉన్నదా? మూడు మాసములలో ఊరివారి కంటికి కనబడు మార్పు రాగలదా? మూడింటికిని అవునని సమాధానము వచ్చిన సమస్యయే మొదటి సమస్య.

ఒక ఉదాహరణమును వివరముగా చూతము. వానకాలమున డెంగ్యూ జ్వరములు వచ్చుచున్నవనుకొందము. ఈ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురుగుకంటె ఇంట నిలువయుంచిన మంచినీటిలోనే ఎక్కువగా గ్రుడ్లు పెట్టును, పగటివేళ కుట్టును. డ్రమ్ములు, సిమెంటు తొట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలరు అడుగున నిలిచిన నీరు దానికి పుట్టిళ్లు. గ్రుడ్డు దోమగా మారుటకు ఇంచుమించు 7 మొదలు 10 దినములు పట్టును. అందుచేతనే వారమునకొకమారు పాత్రలన్నింటిని ఒంపి, తోమి, ఆరబెట్టవలెనని ఆరోగ్యశాఖవారు చెప్పుదురు.

400 గడపలున్న గ్రామములో 16 మంది సభ్యులు ఇద్దరిద్దరు చొప్పున 8 జట్లుగా ఏర్పడినచో ఒక్కొక్క జట్టుకు 50 గడపలు వచ్చును. రెండు ఆదివారములలో ఊరంతయు చూచి రావచ్చును. జట్టు చేతిలోని పుస్తకములో నాలుగు గళ్లు చాలును: ఇంటి నంబరు, నీరు నిలువయుండు పాత్రలెన్ని, వానిలో మూతలేనివెన్ని, దోమపిల్లలు కదలాడుచున్నవెన్ని. ఐదవ గడిని కూడ చేర్చుమని మేము సలహా యిత్తుము: ఆ ఇంటికి కుళాయి నీరు ఎన్ని దినములకొకమారు వచ్చుచున్నది?

ఈ ఐదవ గడియే పెక్కు సందర్భములలో అసలు సంగతిని బయటపెట్టును. నీరు దినదినము వచ్చు వీథిలో ఇంటికి ఒకటి రెండు పాత్రలుండవచ్చును. నాలుగు దినములకొకమారు వచ్చు వీథిలో ప్రతి ఇంట డ్రమ్ములు బారులు తీరియుండును. ఆ వీథివారికి శుభ్రతను గూర్చి ఎంత బోధించినను ప్రయోజనముండదు. నీరు ఎప్పుడు వచ్చునో తెలియనివారు నిలువ చేయక ఏమి చేయుదురు? అచట కావలసినది బోధ కాదు, నీటి వేళ. వాల్వు త్రిప్పు వేళలను నిర్ణయించి బోర్డుపై వ్రాయుట పంచాయతి చేతిలోని పని. లెక్క లేనప్పుడు ఊరివారిని నిందింతుము. లెక్క ఉన్నప్పుడు కారణము కనబడును. మండలివలన పంచాయతికి కలుగు మొదటి లాభము ఇదియే.

ఇదే విధముగా బడి మానిన పిల్లల లెక్క, వెలుగని వీథిదీపముల లెక్క, వితంతు, వృద్ధాప్య పింఛనులకు అర్హులైయుండియు దరఖాస్తు చేసికొననివారి లెక్క, చెడిపోయిన చేతిపంపుల లెక్క మండలి తీయవచ్చును. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాములవరకు అనుమతింపవచ్చుననియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. ఊరి బోర్ల నీటిని ఎప్పుడు పరీక్షించిరి, ఫలితమేమి అని అడిగి, దానిని గోడపై వ్రాయించుట కూడ మూడు మాసములకు తగిన పనియే.

ప్రత్యుత్తరమే ప్రాణము

లెక్క సిద్ధమైన తరువాత మండలి దానిని రెండు పుటలకు మించకుండ నివేదికగా వ్రాసి పంచాయతికి సమర్పింపవలెను. ఇచటినుండి బాధ్యత మీది. యువజన మండళ్లలో పెక్కు క్షీణించునది ఈ ఘట్టముననే. నివేదిక అందుకొన్న దినమున చప్పట్లు కొట్టుదురు, ఛాయాచిత్రము తీయింతురు. తరువాత కాగితము బీరువాలో పడును. ఆరు మాసములైన పిమ్మట పిల్లలు రాకుండుట చూచి, "నేటి యువకులకు శ్రద్ధ లేదు" అని పెద్దలు నిట్టూర్తురు. శ్రద్ధ పోయినది ఎవరికని ఒకమారు తరచి చూచుకొనవలెను.

ప్రత్యుత్తరము మూడు విధములుగా నుండవచ్చును. మొదటిది, "చేసెదము". అట్లన్నప్పుడు తేదీ వ్రాయవలెను. రెండవది, "చేయజాలము". అట్లన్నప్పుడు కారణము వ్రాయవలెను. నిధులు లేవన్నచో ఎంత కావలెనో, ఎంత ఉన్నదో చూపవలెను. మూడవది, "ఇది మా పరిధిలోనిది కాదు". అట్లన్నప్పుడు ఏ కార్యాలయమునకు, ఏ తేదీన వ్రాసితిరో తెలుపవలెను. యువజనులు కాదన్న మాటకు నొచ్చుకొనరు, మౌనమునకు నొచ్చుకొందురు. కారణము చెప్పి కాదన్న పంచాయతిపై వారికి గౌరవము పెరుగునే గాని తరుగదు.

దీనికై పంచాయతి సమావేశమున ఈ క్రింది విధమైన తీర్మానము చేసికొనవచ్చును:

"మన గ్రామమునకు యువజన మండలిని సలహాసంఘముగా గుర్తించడమైనది. మండలి మూడు మాసములకొకమారు సమర్పించు నివేదికను తరువాతి పంచాయతి సమావేశపు ఎజెండాలో మొదటి అంశముగా చేర్చవలెను. సమావేశమునకు మండలి ప్రతినిధులనిద్దరిని, ఒక యువతిని, ఒక యువకుని, ఆహ్వానింపవలెను. నివేదిక అందిన 30 దినములలోపల వ్రాతమూలకముగా ప్రత్యుత్తరమీయవలెను. నివేదిక ప్రతిని, ప్రత్యుత్తరపు ప్రతిని కార్యాలయపు గోడపై అంటింపవలెను. తరువాతి గ్రామసభలో చదివి వినిపింపవలెను."

ఆరు వాక్యముల ఈ తీర్మానమునకు ఖర్చు లేదు. కాని దీనివలన 16 ఏండ్ల బాలిక వ్రాసిన లెక్క గ్రామసభలో వినబడును. ఊరిలో తన మాటకు విలువ కలదని ఆ వయస్సున తెలిసికొన్న వ్యక్తి, రేపు మీ స్థానమున కూర్చున్నప్పుడు ఇతరుల మాటను వినగలదు.

ఇతర గ్రామముల అనుభవము

పెద్దల పంచాయతి చిన్నవారి మాట వినుట మన దేశమున జరుగనిది కాదు. కర్ణాటకలోని నేటి ఉడుపి జిల్లాలో 1990వ దశకమున 'మక్కళ పంచాయతులు', అనగా పిల్లల పంచాయతులు ఏర్పడినవి. పనిపాటలు చేయు బాలబాలికలు తమ సమస్యలను తామే పరిశీలించి పెద్దల పంచాయతి ముందుంచుట వానివలన సాధ్యమైనది. గుజరాతులోని కచ్ జిల్లా కునారియా గ్రామమున 11 మొదలు 21 సంవత్సరముల బాలికలు తమలో తాము ప్రతినిధులను ఎన్నుకొని 'బాలికా పంచాయతి' నడిపిరి.

మన వరంగల్లు ప్రాంతములో గీసుగొండ మండలమునకు చెందిన గంగదేవిపల్లి యువజనులకే పరిమితమైన ఉదాహరణము కాదు. అయినను అచటి పద్ధతి మండలికి పాఠము వంటిది. త్రాగునీరు, పారిశుధ్యము మొదలగు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క కమిటీని ఏర్పరచుకొని, ఎవరి పని వారు చూచుకొనుచు, అందరు కలిసి లెక్క చెప్పుకొనుట ఆ గ్రామపు అలవాటు. 2007లో ఆ గ్రామమునకు నిర్మల గ్రామ పురస్కారము లభించినది. ఒకరికి ఒక పని, ఆ పనికి ఒక లెక్క, ఆ లెక్కకు ఒక సభ: ఇంతకు మించిన రహస్యము లేదు.

ధనము, దస్త్రములు

మొదటి సంవత్సరమున మండలి చేతికి డబ్బు ఈయవలసిన అవసరము లేదు. పుస్తకములు, సుద్ద, బోర్డు, రంగు మొదలగువానిని పంచాయతియే కొని ఇచ్చుట మేలు. దాతలు ఇచ్చినదేమైన ఉన్నచో రసీదు వ్రాయవలెను. ఇద్దరి సంతకము లేక ఖర్చు చేయరాదు. నెలాఖరున జమాఖర్చులను గోడపై వ్రాయవలెను. ఇల్లిల్లు తిరిగి ఇంత ఇచ్చితీరవలెనని చందా పట్టుటను మొదటినుండియు నిషేధింపవలెను. ఒక సంవత్సరము సవ్యముగా నడచి, సొంతముగా బ్యాంకు ఖాతా కావలెననుకొన్నప్పుడు 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదు చేసికొనవచ్చును. దానికి కనీసము ఏడుగురు సభ్యులుండవలెను.

సమావేశపు కబురు పంపుటకు వాట్సాప్ బృందము ఉపకరించును. అయితే తీర్మానములు మాత్రము పుస్తకములోనే వ్రాయవలెను. ఫోను అందరి ఇండ్లలోను ఆడపిల్లల చేతిలో ఉండదు. పుస్తకము అందరికిని ఒక్కటే.

చేయింపరాని పనులు

మండలి ఏర్పడగనే దానిని ఉచితముగా లభించిన కూలిజట్టుగా తలచుట కొన్నిచోట్ల కలదు. ఊరివారందరితో కలిసి శ్రమదానము చేయుట వేరు. పంచాయతి చేయింపవలసిన కాలువల పూడికతీతను పిల్లలపై వేయుట వేరు. రక్షణ సామగ్రి లేక మనుష్యులచే సెప్టిక్ ట్యాంకులను, మురుగు గుంటలను శుభ్రము చేయించుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. విద్యుత్ స్తంభములెక్కుట, బావులలో దిగుట వంటి పనులను మండలికి అప్పగింపరాదు.

మండలి న్యాయస్థానము కాదు. కొన్ని జిల్లాలలో గ్రామాభివృద్ధి కమిటీల పేరిట జరిమానాలు వేయుట, కుటుంబములను సాంఘికముగా బహిష్కరించుట వంటి అన్యాయములు జరిగి, పోలీసు కేసులవరకు పోయినవి. తీర్పు చెప్పుట, జరిమానా వేయుట, ఎవరి ఇంటి వ్యవహారమునో విచారించుట మండలి పని కాదని మొదటి పుటలోనే వ్రాసియుంచవలెను.

బాల్యవివాహముల విషయమున మరింత జాగరూకత అవసరము. 2006 నాటి చట్టము ప్రకారము వధువునకు 18, వరునకు 21 సంవత్సరములు నిండనిదే వివాహము జరుపరాదు. తమతో చదువు బాలికకు పెండ్లి నిశ్చయమైనదని అందరికంటె ముందు తెలిసికొనునది తోటి బాలికలే. వారు ఆ ఇంటికి పోయి వాదింపరాదు. వాదించినచో వారికే ఆపద. 1098 నంబరుకు ఫోను చేయవచ్చునని, అంగన్వాడీ కార్యకర్తకు చెప్పవచ్చునని వారికి ముందుగా తెలియజేయవలెను. చెప్పినవారి పేరు బయటికి రాకుండ కాపాడుట పంచాయతి పెద్దల ధర్మము.

సంవత్సరాంతపు పరీక్ష

మండలి నడచినదా లేదా అని తెలిసికొనుటకు సన్మానములు, శాలువలు కొలబద్దలు కావు. సంవత్సరాంతమున ఐదు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఎన్ని నివేదికలు వచ్చినవి? ఎన్నింటికి 30 దినములలో ప్రత్యుత్తరమిచ్చితిమి? చేసెదమన్నవానిలో ఎన్ని చేసితిమి? చివరి సమావేశమునకు వచ్చినవారిలో యువతులెందరు? ఊరి చివరి పేటనుండి వచ్చినవారెందరు? మొదటి ప్రశ్న యువజనులకు పరీక్ష. తక్కిన నాలుగును మనకు పరీక్షలు.

నేడు పెక్కు గ్రామములలో చదువుకొన్న పిల్లలు ఊరు విడిచి పోవుచున్నారని పెద్దలు వాపోవుచున్నారు. ఉద్యోగమునకై పోవుట తప్పు కాదు. పంచాయతి దానిని ఆపజాలదు. కాని ఊరిలో ఉన్నంతకాలము తన మాట నెవ్వరును వినలేదన్న తలపుతో పోవువాడు తిరిగి చూడడు. తాను అడిగినందున ఒక వీథికి నీటి వేళ కుదిరినదని, ఒక దీపము వెలిగినదని ఎరిగినవాడు ఎంత దూరము పోయినను తన ఊరి సంగతి విచారించుచునే యుండును.

వచ్చు పంచాయతి సమావేశపు ఎజెండాలో ఒక పంక్తి చేర్చుడు. పైని తీర్మానమును మీ గ్రామమునకు తగినట్లు మార్చుకొనుడు. ఒక చాప, ఒక పుస్తకము, 30 దినములలో ఒక ప్రత్యుత్తరము: వీనితో యువజన మండలి పని ఆరంభము కాగలదు.